జనం పేరు చెప్పి

ఏప్రిల్ 15 అంటే ఏమిటో నెల్లూరు జిల్లా మైపాడులో బడికి పోయే పిల్లవాణ్ణి అడిగినా చెబుతాడు. వేట బందు. ఆ రోజు నుంచి జూన్ 14 దాకా 61 రోజులు ఇంజను పడవలు ఇసుక మీదే. మగవాళ్ళు నీడపట్టున కూర్చుని వలలు బాగుచేసుకుంటూ, నిషేధం డబ్బులు ఎప్పుడు పడతాయా అని ఫోను చూసుకుంటూ ఉంటారు. 2025లో ఆ సాయం 20 వేలయింది. చేపలు గుడ్లు పెట్టే కాలం గనక సముద్రాన్ని వదిలెయ్యాలి, వదిలేసినవాడి పొయ్యి ఆరకుండా సర్కారు చూడాలి. ఈ న్యాయం ఇక్కడ ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు.

అదే ఏప్రిల్ 15న, 2014లో, సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. నల్సా తీర్పు అంటారు. జస్టిస్ కె.ఎస్. రాధాకృష్ణన్, జస్టిస్ ఎ.కె. సిక్రీ ఇచ్చారు. ట్రాన్స్‌జెండర్లను మూడో జెండర్‌గా గుర్తించండి, సామాజికంగా, చదువుపరంగా వెనకబడిన తరగతిగా లెక్కేసి బడుల్లో, సర్కారు కొలువుల్లో రిజర్వేషన్ ఇవ్వండి అని కేంద్రానికీ రాష్ట్రాలకూ చెప్పారు. ఈ రెండో ఏప్రిల్ 15 సంగతి మా ఊళ్ళో తెలిసినవాళ్ళు లేరు. 31 ఏళ్ళు సర్కారు ఆఫీసులో కలం అరగదీసిన నాకే చాలాకాలం తెలియదు. ఆ తీర్పు గురించి ఒక్క మెమో అయినా నా టేబుల్ మీదకు వచ్చిన గుర్తు లేదు.

బీచ్ రోడ్డు పక్కన టీ అంగడి దగ్గర సాయంత్రాలు మేం నలుగురైదుగురం చేరతాం. అందరం పెన్షన్‌దారులమే. 2024 డిసెంబరులో హైదరాబాద్ ట్రాఫిక్ విభాగంలోకి 39 మంది ట్రాన్స్‌జెండర్లను తీసుకున్నారన్న వార్త వచ్చిన రోజున మా రిటైర్డు హెడ్మాష్టరు పేపరు మడిచి తొడ కింద పెట్టుకుని అన్నాడు: "అట్టాంటోళ్ళు మన పక్క యాడుండారబ్బా? ఉండే ఒకరిద్దరికీ పింఛనీ ఇస్తానే ఉండారు. ఇంక ఆఫీసుల్లో కూర్చోబెడితే జనం ఒప్పుకుంటారా?"

ఆయన చెడ్డవాడు కాదు. వేసవి సెలవుల్లో, వేట మీద బతికే పట్టపోళ్ళ పిల్లలకు ఊరికే లెక్కలు చెప్పిన మనిషి. అందుకే ఆయన మాట పట్టుకుంటున్నాను. దుర్మార్గుడి మాటకు జవాబివ్వడంలో గొప్పేముంది? చదువుకున్నవాళ్ళు, ఆఫీసుల్లో సంతకాలు పెట్టేవాళ్ళు, ఎవరికీ కీడు తలపెట్టనివాళ్ళు ఈ విషయంలో అనే మాటంతా ఆ మూడు ముక్కల్లో ఉంది. ఆ రోజు నేనూ తల ఊపాను.

లేరంటాడు. ఆదివారం పూట బీచ్‌కు రండి. నెల్లూరు మైపాడు గేటు నుంచి బస్సుల్లో, ఆటోల్లో, బైకుల మీద జనం దిగుతుంటారు. బజ్జీల బండి నుంచి చేపల వేపుడు బండికి, అక్కణ్ణించి కొబ్బరి బోండాల దగ్గరికి చప్పట్లు కొట్టుకుంటూ వచ్చేవాళ్ళెవరు? కార్తీక పున్నమికి సముద్ర స్నానాలకు వచ్చిన కొత్త దంపతుల నెత్తిన చెయ్యి పెట్టి పది రూపాయలు తీసుకునేవాళ్ళెవరు? మా మేష్టరే కొడుకు కొత్త అంగడి తెరిచిన రోజు గుమ్మంలో వాళ్ళ చేత దీవెన చెప్పించుకున్నాడు. దీవెనకు ఉన్నవాళ్ళు ఉద్యోగానికి వచ్చేసరికి లేకుండా పోయారు. 2011 జనాభా లెక్కల్లో ఆడా మగా గడులు కాక 'ఇతరులు' అన్న గడిలో పడినవాళ్ళు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 43,769 మంది. ఇంటికొచ్చిన ఎన్యూమరేటరు ముందు, తల్లిదండ్రుల ఎదుట, ఆ మాట చెప్పగలిగినవాళ్ళు మాత్రమే వీళ్ళు.

ఇక మగవాణ్ణి ప్రేమించే మగవాడు, ఆడమనిషితో బతకాలనుకునే ఆడమనిషి అసలు ఏ గడిలోకీ రారు. వాళ్ళు మన మధ్యే ప్యాంటూ చొక్కా వేసుకుని, చీర కట్టుకుని, బయోమెట్రిక్ వేసి, సాయంత్రం అయిదుకు స్కూటరెక్కి ఇళ్ళకు పోతుంటారు. "వాడు తేడా అంట" అన్న ఒక్క మాట చాలు, క్యాంటీన్లో పక్క కుర్చీ ఖాళీ అవుతుంది. ఆ మాట ఎప్పుడు పడుతుందో అని ఒళ్ళు దగ్గర పెట్టుకుని బతికేవాడు కనపడలేదంటే, కనపడితే ఏమవుతుందో తెలిసి దాక్కున్నాడని.

పింఛను సంగతి. ఇది మేష్టరు మాటల్లో బలమైనది, నిజం కూడా. 2017 డిసెంబరులో రాష్ట్ర మంత్రివర్గం 18 ఏళ్ళు నిండిన ట్రాన్స్‌జెండర్లకు నెలకు 1,500 ఇవ్వాలని నిర్ణయించింది. 2024 జులై నుంచి ఎన్టీఆర్ భరోసా కింద అది 4,000. ముసలివాళ్ళకు, వితంతువులకు, 50 దాటిన మత్స్యకారులకు ఇచ్చే మొత్తమే. ప్రభుత్వాలు మారినా ఈ పింఛను ఆగలేదు. మంచి పని. మంచి పనిని మంచి పని అనకుండా ఖండనలు రాసేవాళ్ళంటే నాకు గిట్టదు.

కానీ ఒక్క నిమిషం ఆలోచించండి. మత్స్యకారుడికి 50కి ఎందుకిస్తారు? అప్పటిదాకా వలతాడు లాగి నడుం పడిపోయింది గనక. ముసలివాడికి 60కి ఎందుకు? ఇక పని చెయ్యలేడు గనక. మరి 18 ఏళ్ళ పిల్లకు ఎందుకు? దానికి నడుం పడిపోలేదు, కళ్ళు మసకబారలేదు. నీకు ఎవరూ పని ఇవ్వరు, మేమూ ఇవ్వం అని ముందే తేల్చి చెప్పి ఇచ్చే డబ్బు అది. నేను 60కి రిటైరయ్యాను. ఆమెను 18కే రిటైర్ చేశారు, సర్వీసులో చేర్చుకోకుండానే.

ఒకటో తారీఖు తెల్లారి ఏడు గంటలకు మా వీధిలో జరిగింది చెబుతాను. సచివాలయం అబ్బాయి నోట్ల కట్ట సంచిలో వేసుకుని, ఫోనుకు వేలిముద్రల మిషను తగిలించుకుని వచ్చాడు. మా పక్కింటి అరుగు మీద 58 ఏళ్ళ పట్టపాయన కూర్చున్నాడు. నలభై ఏళ్ళు తాడు లాగిన చేతులు. బొటనవేలు మీద గీత అన్నది లేదు. మిషను మూడుసార్లు ఎర్ర దీపం వెలిగించింది. అబ్బాయి విసుక్కుంటున్నాడు. వీధి చివర అద్దె గదిలో ఉండే ట్రాన్స్ మహిళ ఒకామె, తన పింఛను కోసం అక్కడే నిలబడి ఉంది. పేరు రాయను. ఆమె చొరవగా వచ్చి పెద్దాయన చెయ్యి పట్టుకుంది. "ఉప్పుచేతులు మావా ఇవి, రవంత నూనె రుద్ది తుడిస్తే పడద్ది" అని లోపలికి కేకేసి కొబ్బరినూనె తెప్పించి, వేలు రుద్ది, పైటతో తుడిచి, బొటనవేలు వదిలేసి ఉంగరపు వేలు పెట్టించింది. పచ్చ దీపం. తర్వాత అబ్బాయి ఫోను తీసుకుని ఏదో నొక్కి, "తమ్ముడూ, టైము తప్పుగా పెట్టుకోబాక, సర్వరు తన్నేస్తది" అంది. ఆమె ఇంటరు పాసయింది. నెల్లూరులో ఒక నెట్ సెంటరులో రెండేళ్ళు ఇదే పని చేసింది, ఓనరు మానెయ్యమనేదాకా. ఎందుకు మానెయ్యమన్నాడని అడిగాను. "కస్టమర్లు ఒప్పుకోవడం లేదన్నాడు సార్. నన్ను ఒక్క కస్టమరూ ఏమీ అన్లా" అంది.

ఆ పెద్దాయన చెయ్యి ఆమె చేతిలో అయిదు నిమిషాలుంది. ఆయన చెయ్యి లాక్కోలేదు. నాలుగు వేలు లెక్కపెట్టుకుని, ఆమెకేసి చూసి "ఈయమ్మని పెట్టుకోండయ్యా మీ ఆఫీసులో" అని నవ్వి లోపలికి పోయాడు. జనం అంటే ఎవరు మేష్టారూ, ఆయన కాక?

అసలు ఈ జనం ఒప్పుకోరు అన్న మాట ఎక్కణ్ణుంచి వస్తుందో చూద్దాం. విశాఖలో ఐఎన్ఎస్ ఏకశిల అనే నేవీ కేంద్రం ఉంది. అక్కడ పనిచేసిన సబీ గిరి 2010లో నావికాదళంలో చేరింది. 2016లో సెలవు మీద వెళ్ళి ఆపరేషన్ చేయించుకుని ఆడమనిషిగా మారింది. 2017 అక్టోబరులో నీ సేవలు ఇక అక్కర్లేదని ఇంటికి పంపారు. విశాఖ జనం ఊరేగింపు తీశారా ఆమెను తీసెయ్యమని? లేదు. రూల్సు పుస్తకంలో అటువంటి మనిషికి చోటు లేదు, అంతే. తమిళనాడులో పృథికా యాషిని ఎస్సై పోస్టుకు దరఖాస్తు పెడితే మొదట కాదన్నది సేలం జనం కాదు, దరఖాస్తు ఫారం. మద్రాసు హైకోర్టు 2015లో చెబితే గానీ ఆమెకు దారి దొరకలేదు. మన రాష్ట్రంలో 2018 నోటిఫికేషన్‌లో ఎస్సై పోస్టుకు ప్రయత్నించిన గంగాభవానిదీ అదే గొడవ. ఆడ, మగ, రెండే గడులు. కేసు హైకోర్టుకు వెళ్ళింది. 2022 జనవరిలో జస్టిస్ బట్టు దేవానంద్ కనీస మార్కులు రాలేదు గనక ఆమెకు ఉద్యోగం ఇప్పించలేనంటూనే, నల్సా తీర్పు ప్రకారం రిజర్వేషన్ సంగతి మూడు నెలల్లో తేల్చమని ప్రభుత్వానికి చెప్పారు. నల్సా తీర్పుకు అప్పటికే ఎనిమిదో ఏడు నడుస్తోంది.

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఇక్కడ పూజారులం మేమే. గుమాస్తాలం, సూపరింటెండెంట్లం, సెక్షన్ హెడ్డులం. ట్రాన్స్‌జెండర్ల హక్కుల 2019 చట్టం తొమ్మిదో సెక్షన్ ఉద్యోగంలో, ప్రమోషన్లో వివక్ష చూపొద్దంది. పదకొండో సెక్షన్ ప్రతి సంస్థలో ఫిర్యాదులు చూసే అధికారి ఒకరుండాలంది. మీ పక్క ఏ ఆఫీసు నోటీసు బోర్డు మీదనైనా ఆ అధికారి పేరు ఉందేమో చూసి రండి. ఇద్దరు ప్రైవేటు బడుల యజమానులు ఒక ట్రాన్స్ టీచరమ్మకు ఒకరి తర్వాత ఒకరు ఉద్యోగం లేకుండా చేసిన కేసులో సుప్రీంకోర్టు 2025 అక్టోబరులో పరిహారం ఇప్పించింది, సమాన అవకాశాల విధానం తయారుచెయ్యమని జస్టిస్ ఆశా మీనన్ నాయకత్వంలో కమిటీ వేసింది. చట్టం వచ్చి ఆరేళ్ళయినా ఆఫీసులు కదలలేదు గనకే ఆ కమిటీ.

అదే పూజారి తలుచుకుంటే పని ఎంత సులువో కూడా చూశాం. హైదరాబాద్‌లో కేంద్ర పన్నుల శాఖలో జాయింట్ కమిషనర్‌గా ఉన్న 2013 బ్యాచ్ ఐఆర్ఎస్ అధికారి, ఆడపేరుతో సర్వీసులో చేరిన మనిషి, పేరునూ జెండర్‌నూ మార్చుకుంటానని అర్జీ పెట్టుకున్నారు. 2024 జులైలో ఆర్థిక శాఖ ఆర్డరిచ్చింది. ఇకనుంచి అన్ని రికార్డుల్లోనూ ఎం. అనుకతిర్ సూర్య, మగవారు అని. ఒక్క కాగితం. ఆ మర్నాడు పన్ను కట్టేవాడెవడూ కట్టనని మొండికెయ్యలేదు.

వైద్యం ఇంకా సున్నితం గదా అంటారు. అదిలాబాద్ రిమ్స్‌లో చదువుకున్న డాక్టర్ ప్రాచీ రాథోడ్ హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మూడేళ్ళు పనిచేసింది. ఆమె ఎవరో తెలిశాక, మీరుంటే పేషెంట్లు రారని పంపించేశారు. ఇక్కడా పాపం పేషెంట్ల మీదకే తోశారు. 2022లో ఆమే, డాక్టర్ రూత్ జాన్‌పాల్ కలిసి ఉస్మానియా ఆసుపత్రిలో మెడికల్ ఆఫీసర్లుగా చేరారు. ఉస్మానియా ఓపీ ముందు తెల్లారి క్యూ చూసినవాళ్ళకు నేను వేరే చెప్పక్కర్లేదు. రాత్రి బస్సెక్కి, పాత సంచీలో రిపోర్టులు పెట్టుకుని వచ్చినవాడు అడిగే ప్రశ్న ఒక్కటే, డాక్టరమ్మ వచ్చిందా లేదా అని.

అయితే జనంలో అసహ్యమే లేదా? ఉంది. దాన్ని దాచి వాదించడం నాకిష్టం లేదు. 2017లో కొచ్చి మెట్రో ఇరవై మందికి పైగా ట్రాన్స్‌జెండర్లను ఉద్యోగాల్లోకి తీసుకుంది. దేశమంతా చప్పట్లు కొట్టింది. కొద్ది వారాల్లోనే 8 మంది మానేశారు. టికెట్ కౌంటర్లో ప్రయాణికులు తిట్టినందుకు కాదు. ఊళ్ళో ఇల్లు అద్దెకు దొరకలేదు. లాడ్జీల్లో రోజుకింత కట్టుకుంటే జీతం మిగల్లేదు. ఒప్పుకోని జనం అక్కడున్నారు, గేటుకు తాళం వేసుకుని, 'ఫ్యామిలీస్‌కు మాత్రమే' అన్న బోర్డు వెనక. మరి దాని మందు ఏమిటి? ఉద్యోగం తీసెయ్యడమా, క్వార్టర్స్ ఇవ్వడమా? ఎస్సీ ఉద్యోగికి ఊళ్ళో ఇల్లివ్వని రోజులు నా సర్వీసులో నేను కళ్ళారా చూశాను. అప్పుడు జనం ఒప్పుకోవడం లేదు గనక ఎస్సీలకు ఉద్యోగాలు వద్దని ఏ ప్రభుత్వమూ అనలేదు. అని ఉంటే మా మేష్టరు హెడ్మాష్టరు అయ్యేవాడు కాదు. ఈ మాట ఆయన ముఖాన అనలేదు గానీ, ఆయనకు తట్టకుండా ఉండదు.

హైదరాబాద్ ట్రాఫిక్ సంగతీ పూర్తిగా మెచ్చుకోలేను. 800 మీటర్లు పరుగెత్తించి, లాంగ్‌జంప్, షాట్‌పుట్ పెట్టి మరీ ఎంపిక చేశారు, బాగుంది. కానీ తీసుకున్నది కానిస్టేబుళ్ళుగా కాదు, ట్రాఫిక్ అసిస్టెంట్లుగా. సిగ్నళ్ళ దగ్గర అడుక్కునేవాళ్ళను అదే సిగ్నళ్ళ దగ్గర నిలబెట్టామని ఫొటోలు దిగడం వేరు, రోస్టరులో వాళ్ళకో పాయింటు పెట్టి సర్వీసు రిజిస్టరు తెరవడం వేరు. కర్ణాటక 2021లో ఒక శాతం రిజర్వేషన్ అన్ని కులాల కోటాల్లోనూ అడ్డంగా వర్తించేటట్టు ఇచ్చింది. అదే సరైన పద్ధతి. దళిత ట్రాన్స్ మహిళను తీసుకెళ్ళి బీసీ గడిలో పడేస్తే ఆమెకు ఉన్నదీ పోతుంది, బీసీలకూ కోపం వస్తుంది. కోటా గురించి ఇంతకన్నా పెద్ద చిక్కు లేదు.

"ఇదంతా పడమటి గాలి" అని ఇంకో మిత్రుడి వాదన. ఈ ఇంగ్లీషు అక్షరాల వరస, జూన్ నెల జెండాలు చూస్తే నాకూ చిరాకే. తెలుగులో నాలుగు మంచి మాటలు పుట్టించుకోలేకపోయామని. కానీ గాలి ఎటునుంచి వచ్చిందో తేదీలు చూస్తే తెలుస్తుంది. మగవాడు మగవాడితో కలవడాన్ని నేరం చేసిన 377 సెక్షన్ 1860లో మెకాలే శిక్షాస్మృతితో పాటు దిగింది. దాని కోరలు పీకడానికి 2018 సెప్టెంబరు 6 దాకా పట్టింది. నిజాం రాజ్యంలో 1919 నాటి హిజ్రాల చట్టం, ఆడబట్టల్లో గానీ నగలతో గానీ వీధిలో కనపడితే, నలుగురి ముందు ఆడితే పాడితే, వారంటు లేకుండా పట్టుకుని రెండేళ్ళ దాకా జైల్లో పెట్టొచ్చంది. దానికి నమూనా ఇంగ్లీషువాళ్ళ 1871 నేర జాతుల చట్టం. మన జిల్లా కావలి సెటిల్‌మెంటు కథ తెలిసినవాళ్ళకు ఆ చట్టం పేరు వేరే పరిచయం చెయ్యనక్కర్లేదు. వైజయంతి వసంత మొగ్లీ మరికొందరితో కలిసి కోర్టుకెక్కితే, తెలంగాణ హైకోర్టు ఆ నిజాం చట్టాన్ని 2023 జులైలో కొట్టేసింది. నూట నాలుగేళ్ళు బతికింది. పడమట కూడా ఇదే కథ. 1953లో అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ఒక ఆర్డరు వేస్తే వేలమంది ఇలాంటివాళ్ళ ఉద్యోగాలు ఊడాయి. 1957లో సైన్యం మ్యాపుల విభాగం నుంచి తరిమిన ఖగోళ శాస్త్రవేత్త ఫ్రాంక్ కామెనీకి ఆ ప్రభుత్వం క్షమాపణ చెప్పింది 2009లో. గెంటెయ్యడం కూడా పడమటి గాలే. అది మనకు పడింది, ఇది పడలేదు.

ఇంక మనది అనేది ఏదైనా కావాలంటే పెన్న ఒడ్డునే ఉంది. తిక్కన సోమయాజి భారతం తెలుగు చెయ్యడం మొదలుపెట్టిందే విరాటపర్వంతో, మన నెల్లూరులో. అందులో అర్జునుడు పేడి రూపంలో బృహన్నల పేరుతో విరాటుడి కొలువుకు వస్తాడు. కొలువంటే కొలువే, సర్కారు ఉద్యోగం. నీకేం వచ్చని అడిగారు. ఆటా పాటా వచ్చంటే పరీక్షించి నాట్యాచార్యుడిగా వేసుకున్నారు. మత్స్యదేశం జనం ఒప్పుకుంటారా అని విరాటుడు తటపటాయించలేదు. ఆవులమంద పోయినప్పుడు ఉత్తరకుమారుడి ప్రగల్భాలు అంతఃపురం దాటలేదు గానీ రథం తోలింది బృహన్నలే. అయినా పురాణం మీద నా కేసు నిలబెట్టను. అర్జునుడిది మారువేషం, ఏడాది గడువు. మన వీధి చివర గదిలో ఉన్నామెది మారువేషం కాదు.

పడమటి డబ్బు మీద బతికే వ్యవహారం అనేవాళ్ళకు మాత్రం ఒకచోట నిజం దొరుకుతుంది, అయితే వాళ్ళు అనుకునేది కాదు. హైదరాబాద్ నారాయణగూడలో 2021లో మిత్ర్ క్లినిక్ పెట్టారు, దేశంలో ట్రాన్స్‌జెండర్ల కోసం మొదటిది. డబ్బు అమెరికా సాయం. 2025 జనవరిలో అక్కడ కొత్త అధ్యక్షుడు ఆ సాయం ఆపేస్తూ సంతకం పెట్టగానే ఇక్కడ షట్టరు పడింది. హార్మోన్ల మందుకు వచ్చిన మనిషి తలుపు చూసి వెనక్కి పోయింది. అది మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఒక గది అయి ఉంటే వాషింగ్టన్లో ఎవడు సంతకం పెడితే మనకేంటి?

చివరికి మిగిలేది మర్యాదస్తుల మాట: అది వాళ్ళ సొంత విషయం, ఆఫీసుకెందుకు, ఎవరింట్లో వాళ్ళు ఎలాగైనా ఉండొచ్చు. వినడానికి పెద్దరికంగా ఉంటుంది. కానీ 31 ఏళ్ళు ఎస్టాబ్లిష్‌మెంటు సెక్షన్లో కూర్చున్నవాడిగా చెబుతున్నాను, సర్కారు ఆఫీసులో సొంత విషయం అనేది లేదు. సర్వీసు రిజిస్టరులో భార్య పేరుంటుంది. పిల్లల పుట్టిన తేదీలుంటాయి. కాన్పుకు 180 రోజులు, తండ్రికి 15 రోజులు సెలవుంటుంది. బదిలీల కౌన్సెలింగ్‌లో స్పౌజ్ కేసని ముందు పిలుస్తారు. హెల్త్ కార్డులో ఫ్యామిలీ ఫొటో ఉంటుంది. చచ్చిపోతే ఫ్యామిలీ పెన్షన్ ఉంటుంది. పెళ్ళయినవాడి పడకగది నుంచి పాడె దాకా అంతా ఫైల్లోనే ఉంది. ఇరవయ్యేళ్ళు ఒకే గదిలో ఒకే పొయ్యి మీద బతికిన ఇద్దరు మగవాళ్ళ దగ్గరకు వచ్చేసరికి మాత్రం సొంత విషయం గుర్తొస్తుంది.

ఇలాంటి జంటలకు పెళ్ళి హక్కు మేం ఇవ్వలేమని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు అంది. కానీ వాళ్ళకు అందాల్సిన సేవల సంగతి చూడమని కేంద్రానికి చెప్పింది. ఆ తర్వాత 2024 ఆగస్టులో, ఇటువంటి జంటలు బ్యాంకులో జాయింటు ఖాతా తెరవడానికీ, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవడానికీ అడ్డేమీ లేదని ఆర్థిక శాఖ తేల్చి చెప్పింది. రేషను కార్డులో ఒకే ఇల్లుగా చూడమని రాష్ట్రాలకు కాగితాలు వెళ్ళాయి. మన హైకోర్టు 2024 డిసెంబరులో జస్టిస్ రఘునందన్‌రావు, జస్టిస్ మహేశ్వరరావు ముందుకు వచ్చిన కేసులో ఇంకా స్పష్టంగా చెప్పింది. తండ్రి ఇంట్లో నిర్బంధించిన ఒక యువతి కోసం ఆమె జతగత్తె హెబియస్ కార్పస్ వేసింది. మేజరైన మనిషి ఎవరితో ఉండాలో తనిష్టం, తల్లిదండ్రులు అడ్డుపడకూడదన్నారు జడ్జీలు. ఇవన్నీ పై నుంచి వచ్చినవే. ఇందుకూరుపేట బ్యాంకు కౌంటరు దాకా, పోలీసు స్టేషను రైటరు బల్ల దాకా అవి నడిచి రావాలి. నడిపించాల్సింది మేం.

నడిపించకపోతే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. నా సెక్షన్లో ఒక సీనియర్ అసిస్టెంటు ఉండేవాడు. ఏ ఆఫీసో చెప్పను, ఇప్పుడు ఆయన లేడు. డ్రాఫ్టు రాస్తే ఒక్క అక్షరం దిద్దక్కర్లేదు. నడకలో చిన్న వయ్యారం. దానికి ఆఫీసులో ఆయనకో పేరు పెట్టారు, ఆ పేరుకు నేనూ నవ్వాను. పెళ్ళి కాలేదు, తల్లీ తండ్రీ పోయారు. ఒక స్నేహితుడితో కలిసి ఉండేవాడు. ఆ స్నేహితుడు మధ్యాహ్నం క్యారేజీ తెచ్చి, లోపలికి రాకుండా గేటు దగ్గర వేపచెట్టు కింద నిలబడేవాడు.

ఒకసారి జీపీఎఫ్ నామినేషన్లు కొత్తగా తీసుకుంటున్నప్పుడు ఆయన ఫారం నా బల్ల మీదకు వచ్చింది. నామినీ పేరు దగ్గర ఆ స్నేహితుడి పేరు, సంబంధం దగ్గర 'మిత్రుడు' అని గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది. నేను రూల్సు పుస్తకం తెరవలేదు. తెరిచి ఉంటే, కుటుంబం లేని చందాదారు ఎవరి పేరైనా రాసుకోవచ్చని అందులో కనపడేది. ఆ సంగతి నాకు రిటైరయ్యాక తెలిసింది. ఆ రోజు ఎర్ర సిరాతో 'మిత్రుడు' మాట కొట్టేసి, "రేపు ఆడిట్ వాళ్ళు ఒప్పుకోరయ్యా, తమ్ముడి పేరు రాసుకురా" అన్నాను.

ఆయన ఏమీ అనలేదు. కొత్త ఫారం తీసుకుని కిటికీ దగ్గరకు వెళ్ళి నిలబడి రాసుకొచ్చాడు. ఆరేళ్ళ తర్వాత ఆయన పోతే బిల్లు నేనే పాస్ చేయించాను. వేరే జిల్లాలో ఉండే తమ్ముడు వచ్చి సంతకం పెట్టి చెక్కు తీసుకెళ్ళాడు. మధ్యాహ్నం ఒంటిగంటకు అలవాటు కొద్దీ గేటు వైపు చూశాను. వేపచెట్టు కింద ఎవరూ లేరు.